మిగిలిన అన్నంలో మిగిలే రూపాయలెన్ని?

కూరగాయల ధరలు మండినప్పుడల్లా ఒక ప్రశ్న పత్రికల్లోకి, టీవీ చర్చల్లోకి తిరిగొస్తుంది: వంటింట్లో వృథా ఆపితే నెలకు ఎంత మిగులుతుంది? 2023 జులైలో కూరగాయల ద్రవ్యోల్బణం 37 శాతం దాటి, టమాటా సామాన్యుడి సంచిలోంచి మాయమైనప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. 2024 అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతానికి చేరినప్పుడు మళ్లీ వచ్చింది. ధరలు దిగాక ఎవరూ అడగరు. జవాబులు మాత్రం ఎప్పుడూ ఒకే మూసలో ఉంటాయి: చీటీ రాసుకుని బజారుకెళ్లండి, ఫ్రిజ్ సర్దుకోండి, మిగిలిన అన్నం పులిహోర కలపండి. సలహాల్లో తప్పు లేదు. అయితే అవన్నీ ఒకటో తారీఖున జీతం పడే ఇంటికి, రాత్రి ఎనిమిదికల్లా అందరూ కలిసి కంచాల ముందు కూర్చునే ఇంటికి రాసినవి. మరమగ్గాల మీద బతికే ఊరికి ఆ కొలత అతకదు.

ముంబయికి దగ్గరలో, థానే జిల్లాలో ఉన్న భివండీ అలాంటి ఊరు. 2011 జనగణన నాటికే ఏడు లక్షల పైచిలుకు జనాభా. అందులో పద్మనగర్ తెలుగువాళ్ల పేట. నిజాం కాలం నుంచీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ ప్రాంతాల పద్మశాలీలు మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్, ముంబయి, భివండీల బాట పట్టారు. దత్తా సామంత్ నాయకత్వాన 1982 జనవరిలో మొదలైన ముంబయి మిల్లుల సమ్మె తర్వాత బట్ట నేత పెద్ద మిల్లుల నుంచి ఇలాంటి మరమగ్గాల ఊళ్లకు మరింతగా తరలింది. ఆ పెరుగుదల ఎంతోకాలం నిలవలేదు. 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ, 2020 లాక్‌డౌన్ ఒకదాని వెంట ఒకటి తగిలి సాంచాలు (మరమగ్గాలు) తుక్కు ధరకు అమ్ముడయ్యే రోజులొచ్చాయి. నేసిన మీటర్లను బట్టి కూలి లెక్కగట్టే చోట వంటింటి పొదుపు అనేది వార్తాపత్రిక శీర్షికల్లో ఉన్నంత తేలిక విషయం కాదు. సాంచా కార్మికుడి ఇంట్లో ఆహారం పాడయ్యేది అజాగ్రత్త వల్ల కంటే అనిశ్చితి వల్ల ఎక్కువ. దాన్ని తగ్గించే పని కొంత వంటింట్లో ఉంది, చాలా భాగం వంటింటి బయట ఉంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

ముందు అంకెల సంగతి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా సూచీ ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేసింది. అందులో 63.1 కోట్ల టన్నులు, అంటే 60 శాతం, ఇళ్ల నుంచి వచ్చినవే. తలసరి చూస్తే ప్రపంచ సగటు ఏడాదికి 79 కిలోలు. బ్రిటన్‌లో 76, అమెరికాలో 73, మన దేశంలో 55. ధనిక దేశాల సగటుకూ మధ్యాదాయ దేశాల సగటుకూ మధ్య తేడా 7 కిలోలు మాత్రమే అన్నది నివేదికలో అందరినీ ఆగి చదివించిన మాట. డబ్బున్నవాళ్లే పారేస్తారు, లేనివాళ్లు మెతుకు కూడా వదలరు అని మనం అనుకుంటూ వచ్చింది ఈ అంకెల ముందు కొంత తడబడుతుంది.

అయితే ఆ అంకెలను కూడా చేటలో పోసి ఒకసారి చెరగాలి. అదే సంస్థ 2021 నివేదికలో భారతీయుడికి ఏడాదికి 50 కిలోలని లెక్కవేసింది. ఆ లెక్కకు ఆధారం మూడు చిన్న అధ్యయనాలు: రెండు డెహ్రాడూన్‌వి, ఒకటి ఉత్తరాంధ్రలోని రాజాంది. డెహ్రాడూన్‌లోనే ఒకరు 20 కిలోలంటే మరొకరు 73 అన్నారు. రాజాంలో 58 తేలింది. ఈ మూడింటి సగటే నూట ముప్పై కోట్లకు పైబడిన దేశానికి ప్రతినిధి అయింది. తప్పు ఐక్యరాజ్యసమితిది అనలేం. మనం కొలవలేదు, వాళ్లు ఉన్నదానితో సర్దుకున్నారు. దేశంలో పొలం నుంచి మండీ దాకా జరిగే నష్టం మీద పెద్ద సర్వేలే ఉన్నాయి. నాబార్డు సలహా సంస్థ నాబ్‌కాన్స్ 2022 నాటి అధ్యయనం ఆ నష్టాన్ని సుమారు 1.53 లక్షల కోట్ల రూపాయలుగా తేల్చింది. ఇంటి చెత్తబుట్టలో ఏముందో చూసిన సర్వే మాత్రం ఆ స్థాయిలో ఒక్కటీ లేదు.

ఇంకో చిక్కు, నిర్వచనంలో ఉంది. మనిషికి 55 కిలోల లెక్కన ఐదుగురున్న ఇంటికి రోజుకు ముప్పావు కిలో. ఇంత అన్నం ఏ పద్మనగర్ ఇల్లాలూ రోజూ పారబోయదు. ఆ ముప్పావు కిలోలో ఉల్లి పొట్టు, అరటితొక్క, గుడ్డు పెంకు, కోడి ఎముక, వడగట్టిన టీ పొడి అన్నీ కలిసే ఉన్నాయి. తినదగినదాన్నీ తినలేనిదాన్నీ సూచీ విడదీయలేదు. పైగా ఏది తినదగినదో ఒక్కో ఇల్లు ఒక్కోలా నిర్ణయిస్తుంది. బీరపొట్టుతో తొక్కు నూరే ఇంట్లో అది కూరగాయ. నూరని ఇంట్లో అది చెత్త. మరోవైపు, గల్లీలో మేకకు వేసిన తొక్కలు సూచీ లెక్కలోకి రావు. పశువుల మేతకు పోయినదాన్ని అది వృథాగా చూడదు. పర్యావరణం దృష్టితో అది సబబే. ఇంటి పర్సు దృష్టితో చూస్తే, మేకకు వేసిన రెండు చపాతీల గోధుమకూ గ్యాసుకూ పెట్టిన డబ్బు తిరిగి రాదు.

కనుక కిలోలను వదిలి రూపాయల్లోకి వద్దాం. 2023–24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ భారతంలో తలసరి నెలవారీ ఖర్చు 6,996 రూపాయలు. అందులో ఆహారం వాటా 39.68 శాతం. దీన్నుంచి బయటి చాయ్, చిరుతిళ్లు, ప్యాకెట్ పదార్థాల ఖాతా కింద మొత్తం ఖర్చులో సుమారు 11 శాతం తీసేస్తే, ఇంట్లో వండుకునే సరుకుకు మనిషికి రెండు వేల దరిదాపుల్లో మిగులుతుంది. ఐదుగురికి పది వేలు. ఇందులో తినదగినది ఐదు శాతం పాడవుతోందనుకుంటే నెలకు ఐదు వందలు, పది శాతం అనుకుంటే వెయ్యి. ఎంత పకడ్బందీగా ఉన్నా వృథాను సున్నా చేయలేం. సగం తగ్గించడమే గొప్ప. అంటే మిగిలేది నెలకు 250 నుంచి 500 రూపాయలు, ఏడాదికి మూడు నుంచి ఆరు వేలు. ఈ శాతాలు ఊహలే, కానీ అతిశయోక్తులు కావు. పట్టణ సగటులో ముంబయి అపార్ట్‌మెంట్లూ కలిసి ఉన్నాయి కాబట్టి మరమగ్గాల గల్లీలో అసలు మొత్తం ఇంతకంటే తక్కువే ఉంటుంది. బ్రిటన్‌లో ఇదే లెక్క వేసే రాప్ సంస్థ నలుగురున్న ఇల్లు ఏడాదికి వెయ్యి పౌండ్ల ఆహారం పారేస్తోందని చెబుతుంది. మన డబ్బులో లక్షకు పైమాటే. ఆ దేశపు అంకెలను అరువు తెచ్చి "వంటింట్లో వేలకు వేలు ఆదా" అని శీర్షిక పెట్టేవాళ్లు ఈ తేడాను గమనించాలి.

అలాగని 250 రూపాయలను తీసిపారేయలేం. పిల్లలకు నెలంతా రోజు విడిచి రోజు గుడ్డు పెట్టొచ్చు. పారబోసిన అన్నంతో బియ్యం ఒక్కటే పోదు. దాన్ని ఉడికించిన గ్యాసు, దానికోసం నిలబడిన మనిషి పొద్దు కూడా పోతాయి. ఆర్థికవేత్తల్లో కొందరికి ఇక్కడొక అభ్యంతరం ఉంది: ఆదా చేసిన డబ్బు మళ్లీ తిండి మీదో, ఇంకో వస్తువు మీదో ఖర్చవుతుంది, పర్యావరణానికి దక్కాల్సిన మేలు అంతమేరకు కరిగిపోతుంది అంటారు. సంపన్న దేశానికి అది ఆలోచించాల్సిన మాట. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన దేశంలో, ఆదా అయిన డబ్బు గుడ్ల మీద, ఆకుకూరల మీద ఖర్చు కావడం లోపం ఎలా అవుతుంది? అసలు కోరుకోవాల్సిందే అది.

ఇక పాడయ్యే తీరు చూద్దాం. మరమగ్గాల పని పాళీల్లో నడుస్తుంది. పన్నెండేసి గంటల చొప్పున పగలొక పాళీ, రాత్రొక పాళీ. తండ్రి రాత్రి పాళీకి, కొడుకు పగటి పాళీకి వెళ్లే ఇంట్లో ఒకే వంట నాలుగు వేళల్లో తింటారు. కరెంటు పోతే సాంచా ఆగుతుంది, మనిషి ముందే ఇంటికొస్తాడు. పక్కవాడు రాకపోతే బద్లీగా ఇంకో పాళీ నిలబడతాడు, ఇంట్లో గిన్నె అలాగే ఉంటుంది. పడుగు నూలు చుట్టిన బీములు అందకపోతే రెండు రోజులు పనే ఉండదు. ఎన్ని డబ్బాలు కట్టాలో పొద్దున తెలియని ఇల్లాలు ఒక గిద్దె ఎక్కువే పోస్తుంది. పనినుంచి వచ్చినవాడికి అన్నం లేదనడం కంటే పిడికెడు పారబోయడం నయమని ఆమె లెక్క. ఆ లెక్క తప్పనడానికి మనకు హక్కు లేదు.

దీనికి ఎదురుగా భివండీలోనే ఇంకో వంటశాల ఉంది: భిస్సీ. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చిన ఒంటరి కార్మికులు నెలకింత అని కట్టి తినే చోటు. యూపీ, బిహార్ వాళ్లకు, తెలుగువాళ్లకు, ఎవరి రుచికి తగ్గట్టు వాళ్లకు భిస్సీలుంటాయి. పూటకు ఎంతమంది తింటారో వండేవాడికి ముందే తెలుసు. ఒక పాళీ వాళ్లు తిన్న గిన్నెలోంచే ఇంకో పాళీ వాళ్లు తింటారు కాబట్టి అన్నం ఎక్కువసేపు నిలవదు. ఇంటి వంటింటికి లేని ఈ సౌలభ్యం పెద్ద సంఖ్య వల్ల వస్తుంది: ఐదుగురిలో ఇద్దరు రాకపోతే నలభై శాతం మిగులుతుంది, యాభైమందిలో ఇద్దరు రాకపోతే నాలుగు శాతమే. ఇళ్లన్నీ మాని భిస్సీలో తినమని ఎవరూ అనరు. రెండు మూడు ఖోలీల (గదుల) వాళ్లు పూటకొక ఇంట్లో అన్నం, ఒక ఇంట్లో కూర వండుకుంటే అదే గణితం చిన్న ఎత్తున పనిచేస్తుందన్నది మాత్రం ఆలోచించదగ్గది. వరస గదుల చాళ్లలో చాలాచోట్ల కూరగిన్నె గడప దాటడం ఇప్పటికీ ఉన్నదే.

పగార్, అంటే కూలి డబ్బు, వచ్చే రోజు కూడా వృథాను నిర్ణయిస్తుంది. చేతికి డబ్బొచ్చిన రెండు రోజుల్లో సంచులు నిండుతాయి. కొత్తిమీర, టమాటా, వంకాయ ఒక్కసారే వస్తాయి. వారం తిరిగేసరికి అడుగున ఉన్నవి మెత్తబడతాయి. పగార్‌కు ముందు రోజుల్లో కిరాణా దుకాణంలో ఉద్దెర మీద పావుకిలో పప్పు, పది రూపాయల నూనె పొట్లం. పొదుపు సలహాల్లో మొదటి వాక్యం "టోకున కొనండి, చవక పడుతుంది" అని ఉంటుంది. కిలో ధర చూస్తే నిజమే. కానీ పదడుగుల ఖోలీలో, కొంకణపు వానాకాలంలో, పాతిక కిలోల బియ్యం బస్తాకు ముక్కపురుగు పట్టడానికి ఎంతోకాలం పట్టదు. వేపాకు వేసినా, ఎండుమిరప వేసినా తేమను ఆపలేం. ఏ పూటకు ఆ పూట కొనేవాళ్లు కిలోకు ఎక్కువ చెల్లిస్తారు, తక్కువ పారేస్తారు. నిలవ చేయడంలో వచ్చే నష్టాన్ని వాళ్లు దుకాణదారుడి మీదకు నెట్టి, దానికి రుసుము కడుతున్నారన్నమాట. రాత్రి మార్కెట్ కట్టేసే వేళ కుప్పల లెక్కన చవగ్గా ఇచ్చే కూరగాయలదీ ఇదే కథ: కుప్పలో సగం ఆ రాత్రే వండగలిగితే లాభం, లేకపోతే చవక అనుకున్నది ఖరీదవుతుంది.

ఈ తూకంలో కొనుగోలుదారుకు ప్రభుత్వం చేయగల సాయం ఒకటుంది, చేసింది కూడా, అరకొరగా. ప్యాకెట్ సరుకుల నిబంధనలను 2021లో సవరించి, ఫలానా సైజుల్లోనే అమ్మాలన్న పట్టిక తీసేశారు. బదులుగా ప్యాకెట్ మీద యూనిట్ ధర వేయాలన్నారు. మంచి మాటే. కానీ కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర వేయమన్నారు. రెండు వందల గ్రాముల పొట్లం మీద గ్రాముకు ఇన్ని పైసలని, రెండు కిలోల సంచి మీద కిలోకు ఇన్ని రూపాయలని ఉంటే, నిలబడ్డచోట పోల్చుకునేది ఎవరు? చిన్న పొట్లం కొనేవాళ్లకే ఎక్కువ అవసరమైన సమాచారం వాళ్లకే అర్థంకాని రూపంలో అందుతోంది.

వృథా చర్చలో అందరూ దాటేసే చోటు మరొకటుంది. మన ఇళ్లలో ఆహారం పారబోయరన్న కీర్తి వెనక చాలాసార్లు ఒక ఆడమనిషి పొట్ట ఉంటుంది. అందరూ తిన్నాక, గిన్నెలో ఎంతుంటే అంత, ఎలా ఉంటే అలా ఆమె తింటుంది. తక్కువ మిగిలితే పస్తు, ఎక్కువ మిగిలితే ఆకలి లేకపోయినా రెండు ముద్దలు. నిన్నటి కూర ఇవాళ ఆమె కంచంలోకే వస్తుంది. చెత్తబుట్టను తూచితే ఈ ఇల్లు ఆదర్శం. ఆమెను తూచితే మరో సంగతి. రక్తహీనత లెక్క ఇంతకుముందే చెప్పుకున్నాం. అదే సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న ఆడవాళ్లు 24 శాతం. మిగిలినది పారేయలేక తిన్న తెల్లన్నం దీనికి ఏకైక కారణమని ఎవరూ అనలేరు కానీ, దానికి ఇందులో భాగమే లేదని కూడా అనలేరు. అవసరానికి మించి తిన్నది కూడా వృథాయే, అది మందుల షాపులో బిల్లుగా తిరిగొస్తుంది. కాబట్టి పొదుపు ప్రచారం ఏదైనా "మిగల్చకుండా తినండి" అనే నినాదంతో మొదలైతే అది ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. కొలత మార్చాల్సింది వండే ముందు, తిన్నాక కాదు.

శ్రమ లెక్క కూడా ఉంది. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. నేత ఊళ్లలో ఈ నిమిషాల మీద కండెలు చుట్టడమో, బీడీలు చుట్టడమో అదనం. మిగిలిన చపాతీని ముక్కలు చేసి పోపు వేయడం, పక్కింటి మరాఠీవాళ్ల దగ్గర నేర్చిన ఫోడ్ణీచీ పోళీ, చవకైన విద్య. పుల్లబడిన పిండిని ఊతప్పం వేయడం కూడా. అయితే ప్రతి మిగులుకూ ఒక కొత్త వంటకం కనిపెట్టమనే సలహాకు అరగంట ఖరీదుంది. నాలుగు రూపాయల చపాతీని కాపాడటానికి ఎనిమిది రూపాయల నూనె, గ్యాసు, ఆ అరగంట పోస్తే ఏం మిగిలినట్టు? ఇగురం తెలిసిన ఇల్లాళ్లు ఈ లెక్క మనసులోనే వేస్తారు. వంటల కార్యక్రమాలే వేయవు.

పాతకాలపు తెలివి గురించి కూడా ఆవేశపడకుండా మాట్లాడుకోవాలి. సద్దన్నం మన వాళ్లు కనిపెట్టిన చక్కటి ఏర్పాటు: రాత్రి అన్నంలో నీళ్లో, చల్లో పోసి ఉంచితే పులుపెక్కి, ఆ ఆమ్లం చెడు సూక్ష్మజీవులను చాలావరకు అదుపులో పెడుతుంది, పొద్దున్నే ఉల్లిగడ్డతో తింటే గ్యాసు ఖర్చు లేదు. కానీ నీళ్లు పోయకుండా మూతపెట్టి వదిలేసిన వేడన్నం వేరే సంగతి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తే, దాన్ని మళ్లీ వేడిచేసినా పోదు. అలాంటి అన్నంతో చేసిన వేపుడు ఆదా కిందకు రాదు, డాక్టర్ ఫీజు కిందకు వస్తుంది. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్లెంలో చల్లార్చడం, ఫ్రిజ్‌లో పెట్టడమో నీళ్లు పోయడమో చేయడం, తర్వాతి పూటకే తినేయడం: ఈ మూడూ తెలిస్తే చాలు. దేశంలో ఫ్రిజ్ ఉన్న ఇళ్లు 38 శాతమే అని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. భివండీలో 2007 జనవరిలో పంపిణీ బాధ్యత టొరెంట్ పవర్ చేతికి వెళ్లేదాకా కరెంటు కోతలు జనానికి బాగా తెలిసిన బాధ. ఫ్రిజ్ కొన్నా నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు కరెంటు ఉంది, బిల్లు కూడా ఉంది. చిన్న ఒంటి తలుపు ఫ్రిజ్ ఏడాదికి 150 నుంచి 200 యూనిట్లు తింటుంది. వృథా తగ్గించడం కోసమే ఫ్రిజ్ కొనమనడం చాలా ఇళ్లలో గిట్టుబాటు కాదు. పాలకు, పిల్లలకు, ఎండాకాలానికి కొన్న ఫ్రిజ్‌ను వృథా తగ్గించడానికి కూడా వాడుకోవచ్చు, అంతే.

బయటి దేశాలు ఏం చేశాయి? బ్రిటన్ 2007లో "ఆహారాన్ని ప్రేమించు, వృథాను ద్వేషించు" అనే ప్రచారం మొదలుపెట్టింది. అప్పటి నుంచి 2012 వరకు అక్కడి ఇళ్లలో నివారించదగిన వృథా 21 శాతం తగ్గింది. ప్రపంచమంతా ఉదాహరించే విజయం ఇది. అయితే ఆ ఐదేళ్లలోనే ఆర్థిక మాంద్యం వచ్చింది, ఆహార ధరలు పెరిగాయి. తగ్గుదలలో వాటి పాత్ర కూడా ఉందని ఆ లెక్కలు కట్టినవాళ్లే ఒప్పుకున్నారు. 2012 తర్వాత ధరలు నెమ్మదించాక, ప్రచారం కొనసాగుతున్నా, తగ్గుదల కొన్నేళ్లు ఆగిపోయింది. అంటే జేబు తడిమి చూసుకునే పరిస్థితి వస్తే జనం తమంతట తామే జాగ్రత్తపడతారు. పద్మనగర్‌లో ఆ పరిస్థితి ఎప్పుడూ ఉన్నదే. అక్కడ ప్రచారం కొత్తగా నేర్పేది తక్కువ.

దక్షిణ కొరియా దారి వేరు. 2005లో ఆహార వ్యర్థాలను నేరుగా పూడ్చడం నిషేధించింది. 2013 నుంచి ఎంత పారేస్తే అంత రుసుము అనే పద్ధతిని దేశమంతా తెచ్చింది. సియోల్ అపార్ట్‌మెంట్లలో కార్డు పెడితే మూత తెరుచుకుని, తూకం వేసి, బిల్లు వేసే డబ్బాలున్నాయి. ఒకప్పుడు రెండు శాతమే మళ్లీ వాడకంలోకి వచ్చే చోట ఇప్పుడు 95 శాతానికి పైగా ఎరువుగా, మేతగా, గ్యాసుగా మారుతోంది. ఇది ఎంత మెచ్చదగినదైనా భివండీ చాళ్లకు తేలేం. తూకానికి రుసుము పెడితే గల్లీ చివర మురుగుకాలువ ఉచితంగా పిలుస్తుంది. ఫ్రాన్సు 2016లో నాలుగు వందల చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు తినదగిన సరుకును పాడుచేయడాన్ని నిషేధించింది. చైనా 2021 ఏప్రిల్‌లో ఆహార వృథా మీదే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఇవి దుకాణానికి, హోటల్‌కు పగ్గాలు వేస్తాయి, ఇంటి గిన్నెలోకి రావు. ఇంట్లోకి చట్టం రాకపోవడమే మంచిది కూడా.

కొరియా నుంచి తీసుకోవాల్సింది రుసుమును కాదు, కొలతను. మన కార్పొరేషన్ల పనితనాన్ని చెత్త ఎంత ఎత్తారు, తడి పొడి ఎంత వేరుచేశారు, ఎంత శుద్ధిచేశారు అని లెక్కిస్తాం. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చూసింది కూడా అటే. తడిచెత్త కంపోస్టు అయితే ఊరికి మేలు, ఇంటికి పైసా మిగలదు. తడిచెత్త అసలు పుట్టకుండా చేయడానికి నిధులూ లేవు, కొలమానమూ లేదు. భివండీ నిజాంపూర్ కార్పొరేషన్ ఈ పని మొదలుపెట్టాలంటే పద్మనగర్, కామత్‌ఘర్ లాంటి పేటల్లో ఇళ్ల చెత్తను నమూనాగా తీసుకుని, తినదగినది ఎంత, తొక్కలెంత అని వేరుగా తూచడం మొదటి మెట్టు.

రెండోది రేషన్. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2019లో కొన్ని రాష్ట్రాల మధ్య మొదలై 2022 జూన్ నాటికి దేశమంతా పరుచుకుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు; ఊరి కార్డు మీద భివండీలో తీసుకునేవాళ్లకు మాత్రం అక్కడి దుకాణంలో ఉన్న ధాన్యమే దక్కుతుంది. దొడ్డుబియ్యం తినలేక చవగ్గా అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్నబియ్యం కొనే ఇల్లు ఒక్క మెతుకూ పారేయదు, అయినా నెలనెలా నష్టపోతుంది. తూకంలో కనబడని ఈ వృథా రూపాయల్లో అన్నం వృథా కంటే పెద్దది కావచ్చు. ఇడ్లీ పిండికి, దోశకు, సర్వపిండికి దొడ్డుబియ్యం బాగా పనికొస్తుంది. అయితే ఇంటికి అవసరమయ్యే పిండి ఎంత, వచ్చే బియ్యం ఎంత అన్న తేడాను వంటింటి నేర్పు పూడ్చలేదు. అది రకం ఎంచుకునే వీలు ఇవ్వాల్సిన విషయం.

మూడోది ప్యాకెట్ మీద తేదీ. 2020 నాటి లేబుల్ నిబంధనలు గడువు తేదీని తప్పనిసరి చేసి, "ఈ తేదీలోపు వాడితే శ్రేష్ఠం" అన్నదాన్ని ఐచ్ఛికంగా ఉంచాయి. భద్రత గడువుకూ నాణ్యత గడువుకూ తేడా ఉంది: మొదటిది దాటితే తినకూడదు, రెండోది దాటితే రుచి కొంచెం తగ్గుతుంది. ఈ తేడా తెలియక బాగున్నది పారేసేవాళ్లూ ఉన్నారు, పారేయాల్సినది తినేవాళ్లూ ఉన్నారు. లేబుల్ ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు మాత్రమే చదవగల పెద్దవాళ్లున్న పేటలో కిరాణా దుకాణంలో ఒక తెలుగు చీటీ అంటించడం కార్పొరేషన్‌కు భారం కాదు.

నాలుగోది వంటింటికి అన్నిటికంటే దూరంగా కనిపిస్తుంది, నిజానికి అన్నిటికంటే దగ్గరిది: పని తీరు. ఏ వారం ఎన్ని పాళీలో ముందే చెప్పడం, పగార్ తేదీ తప్పకుండా ఉండటం, డబ్బు చిన్న విడతల్లో చేతికి రావడం. ఇవి కార్మిక శాఖ పరిధిలోవి, ఆహార శాఖ ఫైళ్లలో ఎప్పుడూ కనబడవు. సాంచాల యజమానులు తమ చేతుల్లో ఏమీ లేదంటారు. నూలు ధర, కరెంటు బిల్లు, గుడ్డ ఆర్డర్ల మీద వాళ్ల అనిశ్చితి వాళ్లకుంది. అందులో కొంత నిజమే. ఆ అనిశ్చితి అంచెలంచెలుగా దిగివచ్చి చివరకు ఇల్లాలి బియ్యం కొలతలో తేలుతుంది.

అనిశ్చితి వల్లే ఆహారం పాడవుతోందన్నది నిజమో కాదో తేల్చుకోవడం కష్టం కాదు, ఖరీదూ కాదు. స్ప్రింగు త్రాసు, రెండు బకెట్లు, పేట భాష తెలిసిన నలుగురు చాలు. కొన్ని ఇళ్లలో పగార్ వచ్చిన వారం ఒకసారి, రాని వారం ఒకసారి తూచాలి. పాళీలు సరిగ్గా నడిచిన వారం ఒకసారి, బీములు అందని వారం ఒకసారి తూచాలి. వానాకాలం ఒక విడత, ఎండాకాలం ఒక విడత. వారం వారానికీ వృథా బాగా మారితే, పొదుపు ప్రచారానికి పెట్టే డబ్బును పగార్ తేదీల అమలు మీద పెట్టడం తెలివైన పని. ఏ వారమైనా ఒకేలా ఉంటే, చీటీ రాసుకుని బజారుకెళ్లమన్నవాళ్లదే సరైన మాట, ఈ వ్యాసానిది కాదు.